6ఎన్1, 6పి1 వాల్వు యాంప్లిఫయర్ కిట్: కట్టి, కొలిచి, ఆరు నెలలు విన్నాక

ముందే చెప్పేస్తాను, ఈ కిట్‌కి నేనిచ్చేది 5కి 3.5. తగ్గిన ఒకటిన్నరలో ఒకటి అచ్చంగా దాంతో వచ్చే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ల వల్ల, మిగతా అర మన ఇళ్లలో వచ్చే కరెంటు 220 వోల్టులు కాదన్న సంగతి పట్టించుకోనందుకు. ఈ రెండూ సరిచేసుకున్నాక మాత్రం ఈ డబ్బులో ఇంత మంచి యాంప్లిఫయర్ నేను ఇంకెక్కడా వినలేదు. ఎలా సరిచేశానో చెబుతాను, ఎందుకంటే కొన్నవాళ్లలో చాలామంది పాట వచ్చింది చాలనుకుని అక్కడే ఆగిపోతున్నారు, ఆగితే ఈ వాల్వుల గొంతు సగమే వింటారు.

ఒక 6ఎన్1, రెండు 6పి1 వాల్వులతో (పాత రేడియోల్లో వెలిగే గాజుబుడ్లు) స్టీరియో యాంప్లిఫయర్ ఇది. చైనా నుంచి వస్తుంది, ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరుకుతుంది కానీ లోపల సర్క్యూట్ దాదాపు ఒకటే. నాకు రవాణా, కస్టమ్స్ అన్నీ కలిపి 7,400 రూపాయలు పడింది. 6ఎన్1 గాజుబుడ్డి ఒకటే అయినా అందులో ట్రయోడ్‌లు రెండుంటాయి, ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. అది సిగ్నల్‌ని పెంచి 6పి1కి ఇస్తుంది, 6పి1 ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా స్పీకర్‌ని నడుపుతుంది. సింగిల్ ఎండెడ్, క్లాస్ ఎ (అంటే ఛానెల్‌కి ఒకే పవర్ వాల్వు, అందులో కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది), ఛానెల్‌కి 3 వాట్లు. 6పి1 అంటే రష్యా వాళ్ల 6పి1పి నమూనా, గుణంలో పాత అమెరికన్ వాల్వు 6వి6కి దగ్గరి చుట్టం, కాళ్లు మాత్రం తొమ్మిది.

ఇలాంటి వాటిలో ఎక్కువమందికి తెలిసిన ఈఎల్84 వాల్వున్న కిట్ ఎందుకు తీసుకోలేదని అడుగుతారని తెలుసు. మా నాన్నకి తెనాలిలో రేడియో రిపేరు షాపు ఉండేది, ఆయన బల్ల సొరుగులో బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) అట్టపెట్టెల్లో ఈఎల్84లు, ఈసీసీ83లు వరసగా ఉండేవి. బీఈఎల్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారు చేసింది, మన ఇళ్లలో మోగిన రేడియోల్లో ఎన్నింటిలో అవి వెలిగాయో. ఇప్పుడు ఆ పాత సరుకు దొరకడమే కష్టం, దొరికినా ధర చూస్తే చేతులు రావు. 6పి1 ఇంకా చౌకగా దొరుకుతుంది, రెండు జతలు స్పేరు కొనిపెట్టుకోవచ్చు. మొదటిసారి కట్టేవాళ్లకి అది పెద్ద ధైర్యం.

కట్టడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. రెసిస్టర్లు ప్రతిదీ మీటర్‌తో కొలిచాకే సోల్డర్ చేశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాగితం చైనా భాషలో ఉంది, ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకుంటే చాలావరకు అర్థమైంది కానీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైర్లలో ఏ రంగు ఏమిటో అందులో ఎక్కడా లేదు. భయపడక్కర్లేదు, మీటర్‌ని ఓమ్‌లలో పెట్టి చూడండి, 300 చిల్లర చూపించే జత ప్రైమరీ (వాల్వు వైపుది), ఒక ఓమ్ కూడా చూపించనిది సెకండరీ (స్పీకర్ వైపుది). ఇంకో విషయం, వాళ్లిచ్చిన పవర్ కార్డు రెండు పిన్నులది. దాన్ని పక్కన పడేసి మూడు పిన్నుల కార్డు పెట్టి, ఎర్త్ వైరుని లోహపు ఛాసిస్‌కి నట్టు బిగించి కట్టాను. ఇందులో 250 వోల్టుల పైన డీసీ ఉంటుంది, ఎర్త్ లేని ఇనుప డబ్బా మీద చెయ్యి వేయడం నాకు ఇష్టం లేదు, ఇంట్లో పిల్లలున్నారు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు నేరుగా ప్లగ్గులో పెట్టకండి. మన ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే సిరీస్ బల్బు బోర్డు చాలు, 60 వాట్ల పాతకాలం బల్బు, ఎల్ఈడీ కాదు. వాల్వులు పెట్టకుండా ఆన్ చేశాను, బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి మసకబారింది. అంటే కండెన్సర్లు నిండాయి, షార్ట్ లేదు అని. అలా వెలుగుతూనే ఉంటే మాత్రం వెంటనే ఆపేసి తప్పు వెతుక్కోవాలి. ఆ టెస్టు అయ్యాక ఆపేసి, టీ తాగి వచ్చి, పావుగంట తర్వాత ఊరికే మీటరు పెట్టి చూస్తే కండెన్సర్ మీద ఇంకా 240 వోల్టులు ఉంది! వాల్వులు వేడిగా ఉంటే అవే లాగేస్తాయి, లేనప్పుడు ఆ కరెంటు పోవడానికి దారి లేదు, ఈ కిట్‌లో బ్లీడర్ రెసిస్టర్ ఇవ్వలేదు మరి. 220 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టర్ ఒకటి మెయిన్ కండెన్సర్‌కి అడ్డంగా సోల్డర్ చేయండి. హైదరాబాద్ గుజరాతీ గల్లీలో ఐదు రూపాయలు కూడా కాదు. చేశాక కూడా మీటరుతో చూడకుండా లోపల వేలు పెట్టొద్దు.

ఇక కరెంటు సంగతి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద 220 అని రాసుంది. మా ఇంట్లో సాయంత్రం 243 వస్తుంది. ఆ లెక్కన 6.3 వోల్టులు రావాల్సిన హీటర్ (వాల్వుని లోపల వేడి చేసే తీగ) దగ్గర 6.95 వచ్చింది, పది శాతం ఎక్కువ. పాట బాగానే వస్తుంది, వెలుగు ఇంకా ముచ్చటగా ఉంటుంది, కానీ వాల్వు ఆయుష్షు కరిగిపోతూ ఉంటుంది. 6ఎన్1కి 0.6 ఆంపియర్లు, 6పి1లకి చెరో 0.5, మొత్తం 1.6. హీటర్ వైర్లు రెండింటిలోనూ ఒక్కో 0.22 ఓమ్, 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్ పెడితే 0.7 వోల్టు తగ్గి 6.25కి వచ్చింది. ఇంత చిన్న పని, అమ్మేవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్‌కి 230 వోల్టుల ట్యాపింగు (విడి తీగ) ఒకటి ఇచ్చి ఉంటే దీని అవసరమే ఉండేది కాదు.

తర్వాత బయాస్, అంటే పాట లేనప్పుడు కూడా వాల్వులో పారే కరెంటు ఎంతో చూసుకోవడం. 6పి1 క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటు) కింద 330 ఓమ్‌ల రెసిస్టర్ ఉంది, దాని మీద 12.1 వోల్టులు, అంటే 36 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు. ప్లేట్ (అవి చేరే రేకు) మీద 243 వోల్టులు. మధ్యలో స్క్రీన్ అనే ఇంకో గ్రిడ్ తీసుకునే వాటా తీసేస్తే ప్లేట్ ఖర్చు 8 వాట్ల లోపే, ఈ వాల్వు ఓర్చుకునేది 12. చల్లగా, నిదానంగా నడుస్తోంది, ఇది నాకు బాగా నచ్చింది. రెండు ఛానెళ్లకీ తేడా అర వోల్టు లోపే. 6పి1 గ్రిడ్ దగ్గర డీసీ సున్నా ఉందో లేదో కూడా చూడండి, కొంచెమైనా పాజిటివ్ చూపిస్తే 6ఎన్1 నుంచి సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కండెన్సర్ లీకవుతున్నట్టు, దాన్ని మార్చకపోతే వాల్వు ఎర్రబడిపోతుంది.

అసలు పరీక్ష దీని తర్వాతే. స్పీకర్ బదులు 8 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్ కట్టాను (సెకండరీ ఖాళీగా వదిలేసి సిగ్నల్ మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి, ప్రైమరీలో వోల్టేజి ఎగిసి లోపలి ఇన్సులేషన్ పగిలిపోతుంది). ఫోన్‌లో టోన్ యాప్ నుంచి 1000 హెర్ట్జ్ ఇచ్చి చిన్న డిజిటల్ స్కోపులో చూస్తే అల గుండ్రంగా, అందంగా 4.7 వోల్టుల దాకా (శిఖరం కాదు, ఆర్ఎంఎస్ లెక్క) వచ్చి అక్కడ తల చదునైంది. 4.7ని 4.7తో గుణించి 8తో భాగిస్తే 2.76 వాట్లు. 3 వాట్లని చెప్పారు, మోసమేమీ లేదు. అప్పుడు 50 హెర్ట్జ్‌కి మార్చాను. ఒక వాటు దాటేసరికే అల వంకర తిరిగింది, ఒకవైపు పొట్ట, ఒకవైపు ముక్కు. మృదంగం ఎడమ వైపు దెబ్బ ఉండేది అక్కడికి దగ్గర్లోనే, వింటున్నప్పుడు అది పొడిగా, అట్టపెట్టె మీద కొట్టినట్టు ఎందుకుందో అప్పుడు తెలిసింది.

తప్పు వాల్వుది కాదు, సర్క్యూట్‌దీ కాదు. కిట్‌తో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కోటి 380 గ్రాములు. సింగిల్ ఎండెడ్‌లో స్క్రీన్ వాటా పోగా మిగిలే 34 మిల్లీ ఆంపియర్ల డీసీ ఎప్పుడూ ప్రైమరీలో పారుతూనే ఉంటుంది, దాని అయస్కాంతశక్తితోనే సగం నిండిపోయిన ఇనుము మీద ఇంకా బేస్ మోయమంటే ఎక్కడ మోస్తుంది? వాల్వు యాంప్లిఫయర్‌లో డబ్బు పెట్టాల్సింది ఇనుములో, రాగిలో. ఖరీదైన కండెన్సర్లు, బంగారు పూత సాకెట్లు కొంటున్నవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఆ డబ్బుతో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకుంటే తేడా పక్కింటివాళ్లకి కూడా వినిపిస్తుంది.

అందుకని కోఠిలో స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు ఈ మధ్య ఎవరూ అడగట్లేదట, కాగితం మీద లెక్క వేసి చూపించాను. 8 ఓమ్‌ల స్పీకర్ వాల్వుకి 5000 ఓమ్‌లుగా కనబడాలి, 5000ని 8తో భాగిస్తే 625, దాని వర్గమూలం 25. కాబట్టి ప్రైమరీ 2500 చుట్లు, సెకండరీ 100 చుట్లు. ప్రైమరీ సగం చుట్టి, పైన సెకండరీ, దాని మీద మిగతా సగం, అలా చేస్తేనే పైస్థాయి శబ్దాలు పోకుండా వస్తాయి. తీగ 0.16 మిల్లీమీటర్లు. స్టాంపింగులు (మధ్యలో పేర్చే ఇనుప రేకులు) ఒక అంగుళం మందం. ఆ ఇనుములో వదిలే గ్యాప్‌కి 0.1 మిల్లీమీటరు కాగితం.

నాలుగు రోజులకి జత ఇచ్చారు, 3,200 రూపాయలు. ఇంటికొచ్చి ముందు చుట్ల లెక్క చూశాను, ప్రైమరీకి 12 వోల్టుల ఏసీ ఇస్తే సెకండరీలో 0.48, అక్షరాలా ఇరవై ఐదో వంతు. సంబరంగా బిగించి 50 హెర్ట్జ్ పెడితే పాతదానికంటే ఘోరం, అర వాటుకే అల కూలిపోయింది. ఒక సాయంత్రమంతా టెన్షన్, ఎక్కడ తప్పు చేశానో తెలియలేదు. మర్నాడు పట్టుకెళితే ఆయన చూసి వెంటనే కనిపెట్టారు, "స్టెబిలైజర్‌కి వేసినట్టే ఒకటి అటు, ఒకటి ఇటు వేసేశాను బాబూ, చెయ్యి అలవాటు" అన్నారు. ఇంగ్లీషు 'E' ఆకారం స్టాంపింగులు అన్నీ ఒకవైపు, 'I' ఆకారం స్టాంపింగులు అన్నీ ఇంకోవైపు పెట్టి మధ్యలో కాగితం పెట్టాలి, లేకపోతే గ్యాపన్నదే లేదు, డీసీకే ఇనుము పూర్తిగా నిండిపోతుంది. అరగంటలో విప్పి మళ్లీ పేర్చి, వార్నిష్ పోసి ఇచ్చారు, పైసా తీసుకోలేదు. మీరు చుట్టిస్తే స్టాంపింగులు పేర్చేటప్పుడు పక్కనే నిలబడండి.

ఇప్పుడు 50 హెర్ట్జ్ దగ్గర 4 వోల్టులు శుభ్రంగా వస్తోంది, అంటే 2 వాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కోటి కిలో దాటింది, కిట్‌తో వచ్చిన ఛాసిస్‌లో పట్టలేదు, చెక్క పలక మీద విడిగా బిగించాల్సి వచ్చింది.

వినికిడి గురించి. ఘంటసాల గొంతులో కింది స్వరాలకి ఉండే ఆ గుండెలోతు బరువు, పాత ట్రాన్స్‌ఫార్మర్లతో గొంతు మాత్రమే వినిపించేది, ఇప్పుడు ఛాతీ కూడా వినిపిస్తోంది. బాలమురళి గమకం తీస్తుంటే స్వరం నుంచి స్వరానికి జారే ఆ దారి మొత్తం వినిపిస్తుంది. వీణ మీటు తర్వాత మిగిలే ఝంకారం చివరిదాకా నిలబడుతుంది. నాదస్వరం మాత్రం దీని పని కాదు, గట్టిగా పెడితే 3 వాట్లు చాలవు, చెవికి గుచ్చుకుంటుంది. సినిమా పాటల్లో కొత్త వాటికి, ఆ బేస్‌కి ఇది అసలు వద్దు.

స్పీకర్ విషయంలో జాగ్రత్త. 85 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటుకి ఎంత గట్టిగా మోగుతుందో ఆ కొలత) ఉన్న చిన్న స్పీకర్లకి కడితే నీరసంగా ఉంటుంది, 91 ఉన్నదానికి కడితే అదే 3 వాట్లు నాలుగు రెట్ల పని చేస్తుంది. నేను 8 అంగుళాల పాత ఫుల్‌రేంజ్ స్పీకర్లు చెక్క పెట్టెల్లో పెట్టి వాడుతున్నాను, హాలుకి చాలు.

గుంయ్‌మనే శబ్దం మొదట్లో బాగా ఉండేది, స్పీకర్ దగ్గర కొలిస్తే 7 మిల్లీవోల్టులు. హీటర్ వైండింగ్‌ని గ్రౌండ్‌కి అసలు కట్టలేదు వాళ్లు. రెండు హీటర్ వైర్ల నుంచీ చెరో 100 ఓమ్ రెసిస్టర్ గ్రౌండ్‌కి వేసి, వైర్లని జడలా గట్టిగా పెనవేశాక 2కి దిగింది. వాల్యూమ్ కంట్రోల్ బాగాలేదు, తక్కువలో పెడితే ఎడమ కుడి సమానంగా రావు, 150 రూపాయలు పెట్టి మార్చేశాను.

మీటరు వాడటం వచ్చి, సోల్డరింగ్‌లో చెయ్యి కుదిరి, ట్రాన్స్‌ఫార్మర్లకి ఇంకో మూడు వేలు పక్కన పెట్టుకోగలిగితే కొనండి, మొత్తం 11 వేల లోపు అవుతుంది. ఇది మొదటి సోల్డరింగ్ ప్రాజెక్టు అయితే వద్దు, ముందు 12 వోల్టులతో నడిచే ఏదైనా కట్టండి, 250 వోల్టుల డీసీ తప్పు చేస్తే క్షమించదు.

ఆ 2 మిల్లీవోల్టులు కూడా రాత్రిపూట చెవి దగ్గర పెడితే వినిపిస్తున్నాయి. అందుకని రెండు కండెన్సర్ల మధ్యన ఉన్న రెసిస్టర్ తీసేసి చోక్ (ఇనుము మీద చుట్టిన తీగచుట్ట) పెడదామని పెద్దాయనకి చెప్పి వచ్చాను, 10 హెన్రీలు, 100 మిల్లీ ఆంపియర్లు, గ్యాప్‌తో. ఈసారి పేర్చేటప్పుడు నేను కూడా కూర్చుంటానన్నాను, శనివారం పొద్దున్నే రమ్మన్నారు.