డెల్టా తేమలో వెనక బ్రేకు షూలు: అరుగుదల కంటే ముందు తుప్పు తినేస్తుంది

హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగినా బండి జారుతోందంటే చాలామంది కేబులు బిగించి సరిపెట్టేస్తారు. కోనసీమలో, భీమవరం, పాలకొల్లు వైపు నేలంతా బల్లపరుపు కాబట్టి ఆ సర్దుబాటు చాలాకాలం బయటపడదు. చించినాడ వంతెన ఎక్కేచోట ట్రాఫిక్ ఆగినప్పుడో, నరసాపురం రేవులో పంటు (నది దాటించే పడవ) మీదకి కారు ఎక్కించేటప్పుడో గుట్టు తెలుస్తుంది.

ఇది వెనక చక్రాలకి డ్రమ్ములుండే చిన్న కార్ల సంగతి. వీటిలో డ్రమ్ముని లోపల్నుంచి నొక్కి ఆపేవి షూలు: వంపు తిరిగిన ఇనప రేకు, దాని మీద అంటించిన రాపిడి పొర (లైనింగు). కాలి బ్రేకుకీ చేతి బ్రేకుకీ అవే షూలు. డీలరు దగ్గర కొన్న కంపెనీ షూలు, బజార్లో దొరికే చవక షూలు రెండింటినీ ఇక్కడి వానల్లో బాగా వాడి చూశాక చెప్పగలిగేది ఒకటే: లైనింగు అరుగుదలలో వాటి మధ్య పెద్ద తేడా లేదు. తేడా అంతా లైనింగుని రేకుకి అంటించిన తీరులోనూ రేకుకి వేసిన పెయింటులోనూ ఉంది. చవక షూలకి రేకు అంచుల్లో పెయింటు పలచగా ఉంటుంది. తుప్పు అక్కడ మొదలై లైనింగు కిందకి పాకుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లైనింగుని పైకి తన్నుతుంది. డ్రమ్ము విప్పి చూస్తే లైనింగు ఇంకా మందంగానే ఉంటుంది, స్క్రూడ్రైవరు మొన పెడితే మాత్రం పెచ్చుగా లేచి వస్తుంది. వానలో నిలిచే నీళ్లకి, చక్రాలకి పట్టే ఒండ్రు మట్టికి తోడు చేపల లారీల నుంచి రోడ్డు పొడుగునా కారే నీళ్లున్నాయి. రొయ్యల చెరువుల నీళ్లయితే వాటిలో ఉప్పు కూడా ఉంటుంది.

అందుకే కొనేటప్పుడు లైనింగు మందం చూసి మురిసిపోకండి. లైనింగూ రేకూ కలిసేచోట గోరు దూరే సందు ఉండకూడదు, పెయింటు ఆ అంచుదాకా నిండుగా ఉండాలి. రెండు చక్రాలకి కలిపి నాలుగు షూలు ఒకేసారి మార్చాలి. ఒక పక్కే మారిస్తే బ్రేకు నొక్కినప్పుడు బండి పక్కకి లాగుతుంది. షూలతోపాటు స్ప్రింగుల సెట్టు, పిన్నులు, కప్పులు కూడా కొత్తవే తీసుకోండి. తుప్పు పట్టి నీరసించిన స్ప్రింగు షూని వెనక్కి లాగలేదు, అప్పుడు కొత్త షూ కూడా డ్రమ్ముని రాసుకుంటూ వేడెక్కుతుంది. ఈ సెట్టు ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు.

పని మొదలుపెట్టే ముందు నేల చూసుకోండి. మన పెరళ్లలో వాన వెలిశాక మట్టి మెత్తగా ఉంటుంది, కారుని మోసే స్టాండు కాళ్లు దిగబడతాయి. సిమెంటు గచ్చు లేకపోతే కింద మందపాటి చెక్క పలక వేయాలి. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించే పని చేయాలి కాబట్టి బండిని పట్టి ఉంచేది ముందు చక్రాలే. వాటికి అటూ ఇటూ అడ్డు దిమ్మలు పెట్టాలి. జాకీ ఒక్కదాని మీదే నమ్మకం పెట్టుకుని చక్రం దగ్గర కూర్చోవద్దు.

కారు లోపల హ్యాండ్ బ్రేకు లివరు దగ్గరున్న కేబులు సర్దుబాటు నట్టు వదులు చేశాకే డ్రమ్ము జోలికి వెళ్లాలి. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదడం కాదు దారి. ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలుంటే 8 ఎంఎం బోల్టులు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెం బిగిస్తే డ్రమ్ము తనే బయటికి వస్తుంది. కొన్ని మోడళ్లలో డ్రమ్ము, బేరింగు ఒకటే. అక్కడ నడిమి నట్టు విప్పాలి. అంచు నొక్కి లాక్ చేసిన రకమైతే తిరిగి బిగించేటప్పుడు కొత్త నట్టే వాడాలి, మాన్యువల్‌లో చెప్పిన టార్కుకే (బిగింపు బలానికే) బిగించాలి. టార్కు రెంచి లేకపోతే ఈ రకం బండిని షెడ్డుకి అప్పగించడమే మేలు.

లోపలి పొడిని గాలి కొట్టి ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బ్రేక్ క్లీనరు కొట్టి తడిపి తుడవండి. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క విప్పొద్దు, ఏ స్ప్రింగు ఏ రంధ్రంలోదో చూసుకోవడానికి అదే ఆధారం. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా సరే, షూలకీ డ్రమ్ముకీ మధ్య ఎడం సరిచేసే అడ్జస్టరు ఎడమ కుడి వేరు కాబట్టి కలిపేయకండి. డ్రమ్ము బయట ఉన్నప్పుడు ఎవరూ బ్రేకు పెడలు తొక్కకూడదు, షూలని తోసే సిలిండరు పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. సిలిండరు రబ్బరు అంచు ఎత్తి చూడండి. లోపల తడి కనిపిస్తే సిలిండరు మార్చి, బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయించి, ఆ తర్వాతే కొత్త షూలు వేయాలి. బ్రేకు ఆయిలు పీల్చిన లైనింగు కడిగితే బాగుపడదు.

షూ ఆనే బ్యాక్ ప్లేటు (షూల వెనకుండే పలక) మీద ఆరు చోట్ల మెరిసే మచ్చలుంటాయి. వాటి మీద తుప్పు గీకి, బ్రేకు గ్రీజు సన్నగా రాయాలి. మామూలు గ్రీజు వేడికి కరిగి లైనింగు మీదకి కారుతుంది. డ్రమ్ము అంచున తుప్పు గట్టుంటే గరుకు కాగితంతో తీయాలి. డ్రమ్ము అరిగి, దాని మీద పోత పోసిన గరిష్ఠ వ్యాసం అంకె దాటిపోతే దాన్ని మార్చాల్సిందే.

ఎక్కువమంది దెబ్బతినేది చివర్లో. ముందు షూలు, తర్వాతే కేబులు. కేబులు ముందే బిగిస్తే డ్రమ్ము లోపల షూని తోసే లివరు సగం లేచి ఉంటుంది, దాంతో తనంతట తాను సర్దుకునే అడ్జస్టరు పనిచేయదు. హ్యాండ్ బ్రేకు దించి ఉంచి, డ్రమ్ములు బిగించాక పెడలు నిదానంగా చాలాసార్లు తొక్కండి, అడ్జస్టరు టక్కుమన్న చప్పుడు ఆగేదాకా. చక్రం తిప్పితే లైనింగు సన్నగా రాసుకున్నట్టుండాలి, పట్టేయకూడదు. ఆ తర్వాత మాన్యువల్‌లో ఇచ్చిన క్లిక్కుల సంఖ్యకి వచ్చేలా కేబులు బిగించండి. హ్యాండ్ బ్రేకు లివరు దించితే రెండు చక్రాలూ పట్టకుండా తిరగాలి, లాగితే రెండూ సమానంగా పట్టాలి. ఒకటే పడుతుంటే చాలాసార్లు లోపం షూలో కాదు, రెండో పక్క కేబులు తొడుగులో నీళ్లు దూరి తుప్పు పట్టి ఉంటుంది. అలాంటి కేబులు నూనె పోసి కదిలించినా మళ్లీ జామ్ అవుతుంది కాబట్టి ఆ కేబులు మార్చేయండి.

కొత్త షూలు డ్రమ్ముకి సరిగ్గా ఆనేలా అరిగేదాకా తక్కువ వేగంలో మెత్తగా బ్రేకు వాడాలి. జోరు వానలో తడిసిన బండిని రాత్రంతా హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే పొద్దుటికి లైనింగు డ్రమ్ముకి అంటుకుని ఉంటుంది. సమతలం మీదైతే హ్యాండ్ బ్రేకు బదులు మొదటి గేరులో పెట్టి, చక్రానికి దిమ్మ ఆనించండి. అప్పటికే అంటుకుంటే యాక్సిలరేటరు తొక్కి లాగించకండి, లైనింగు ఊడి వస్తుంది. హ్యాండ్ బ్రేకు దించి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపితే విడిపోతుంది.