అన్నిటికీ ఒకటే ‘అవశేషం’: ఒక నిఘంటువు యాప్‌పై సమీక్ష

అనువాదాల కోసం నాలుగు నెలలుగా వాడుతున్న ఒక ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు యాప్‌ను, మిగిలిపోయినవాటికి ఇంగ్లిష్‌లో ఉన్న మాటలను తీసుకొని ప్రత్యేకంగా పరీక్షించి చూశాను. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఉచ్చారణ స్పష్టంగా వినిపిస్తుంది. చిక్కంతా అర్థాల దగ్గరే.

రిమెయిండర్, రెమ్నెంట్, రెసిడ్యూ, రిమెయిన్స్ అనే నాలుగింటికీ యాప్ ముందుగా చూపేది ‘అవశేషం’ అనే మాటనే. 17ను 5తో భాగించగా మిగిలే 2 రిమెయిండర్. దానికి సరిగ్గా అతికే ‘శేషం’ లెక్కల పుస్తకాల్లో ఉండగా, యాప్ దాన్ని మూడో అర్థంగా కిందికి నెట్టింది. తానులో అమ్ముడుపోగా చివర మిగిలే బట్ట ముక్క రెమ్నెంట్. ఒకప్పుడు పెద్దదిగా ఉన్నదానిలో మిగిలిన కొద్దిపాటి భాగమన్న ధ్వని ఆ మాటలో ఉంది కనుకనే, ఓడిన సైన్యంలో మిగిలిన కొద్దిమందికీ దాన్నే వాడతారు. ఉప్పునీటిని ఆవిరయ్యేదాకా మరిగిస్తే గిన్నె అడుగున అంటుకునే తెల్లని పొర రెసిడ్యూ. వీలునామాల్లో అప్పులు, ఖర్చులు, పేరుపేరునా రాసిన వాటాలు పోగా మిగిలే ఆస్తినీ అలాగే అంటారు. ఈ అర్థం యాప్‌లో లేనేలేదు.

అన్నిటికన్నా ఇబ్బంది రిమెయిన్స్‌తో వచ్చింది. నామవాచకంగా బహువచనంలోనే కనిపించే ఈ మాటకు, సందర్భాన్ని బట్టి భౌతికకాయం, అస్థికలు, శిథిలాలు అని తెలుగులో వేరువేరు మాటలు కావాలి. యాప్ ఇచ్చిన ఉదాహరణ మాత్రం ఇది: ‘సైనికుని మిగిలినవాటిని విమానంలో స్వదేశానికి పంపారు.’ నవ్వాలో నొచ్చుకోవాలో తెలియలేదు. ఇలాంటి వాక్యాన్ని ఒక్క మనిషి చదివి ఉన్నా అది అచ్చయ్యేది కాదు.

లెఫ్టోవర్స్‌కు ‘ఉచ్ఛిష్టం, ఎంగిలి’ అని రాయడం మరో రకమైన పొరపాటు. తిన్న పళ్లెంలో మిగిలినదానికే కాక, ఎవరి చెయ్యీ నోరూ తగలకుండా గిన్నెలో మిగిలిన వంటకూ ఇంగ్లిష్‌లో ఆ మాటే చెల్లుతుంది. ఎంగిలి పట్టింపు అందులో లేదు. ‘తినగా మిగిలినది’ అని విడమరచి రాస్తే సరిపోయేది.

ఆశ్చర్యమేమంటే, వెస్టిజ్ ఆరోపం, అంటే నిఘంటువులో ఆ మాట కింద ఇచ్చిన వివరణ, ఎంతో శ్రద్ధగా ఉంది. అడుగుజాడ అనే లాటిన్ మూలాన్ని చెప్పి, వస్తువు పోయాక దాని ఉనికిని తెలిపే ‘జాడ’ అని అర్థమిచ్చి, రద్దయిన ఆచారం ఒకటి మాటల్లో మిగిలిపోయిన ఉదాహరణనూ చేర్చారు. ఐదింటిలో నేనిస్తున్న రెండు నక్షత్రాల్లో ఒకటి ఆ ఒక్క ఆరోపం కోసమే.