ఒంటరిగా ఒలింపియాడా, ముగ్గురి జట్టా: బడి విద్యార్థికి ఏ ప్రోగ్రామింగ్ పోటీ మేలు?

ప్రోగ్రామింగ్ పోటీల్లో దిగాలనుకునే హైస్కూలు విద్యార్థి ముందు ప్రధానంగా రెండు దారులు ఉంటాయి. ఎవరికి వారే కూర్చుని రాసే ఒలింపియాడ్ తరహా పోటీ ఒకటి, ముగ్గురు కలిసి ఒకే కంప్యూటర్ మీద పనిచేసే జట్టు పోటీ మరొకటి. రెండింటిలోనూ గ్రాఫులు (బిందువులు, వాటిని కలిపే గీతలు), డైనమిక్ ప్రోగ్రామింగ్ (చిన్న ముక్కల జవాబులతో పెద్ద జవాబు కట్టడం), సార్టింగ్ (వరుసలో పేర్చడం) వంటి అంశాలే వస్తాయి కనుక ఒకదానికి చదివితే రెండోదానికీ సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పిల్లలతో ఈ రెండు రకాల సాధనా చేయించిన అనుభవంతో నేను ఆ మాటను ఒప్పుకోలేను. మార్కులు వేసే పద్ధతి మారితే విద్యార్థి సమస్యను చూసే తీరే మారిపోతుంది.

ఒలింపియాడ్ దారికి శిఖరం ఐఓఐ, అంటే అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్. 1989లో బల్గేరియాలోని ప్రావెట్స్‌లో మొదలైన ఈ పోటీకి ఒక్కో దేశం నలుగురిని మించకుండా పంపుతుంది. రెండు రోజులు, రోజుకు 5 గంటలు, 3 సమస్యలు. ఒక్కో సమస్యకు 100 చొప్పున మొత్తం 600 మార్కులు. పాల్గొన్నవారిలో దాదాపు సగం మందికి ఏదో ఒక పతకం దక్కుతుంది. అయితే ఈ పోటీ ప్రత్యేకత అంకెల్లో కాదు, సబ్‌టాస్కుల్లో, అంటే ఒకే సమస్యను తేలిక నుంచి కష్టం దాకా విడగొట్టిన మెట్లలో ఉంది: సమస్య మొత్తం తేలకపోయినా, తేలినంత మేరకు మార్కులు వస్తాయి.

ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. సంఖ్యల వరుస ఒకటి ఇచ్చి, అందులో పక్కపక్కనే ఉన్న కొన్నింటిని కూడితే వచ్చే గరిష్ఠ మొత్తం ఎంతో చెప్పమన్నారు, రుణసంఖ్యలూ ఉండవచ్చు. మొదటి మెట్టులో 500 సంఖ్యలు, రెండో మెట్టులో 5,000, చివరి మెట్టులో 2 లక్షలు ఉంటాయనుకుందాం. మొదలు ఎక్కడ, చివర ఎక్కడ అని రెండు లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్ ముక్కలు) తిప్పి, మధ్యలోని సంఖ్యలను మూడో లూపుతో కూడితే మొదటి మెట్టుకు సుమారు 2 కోట్ల కూడికలు అవుతాయి, ఆ మార్కులు చేతికి వస్తాయి. వచ్చిన మొత్తాన్ని వదిలేయకుండా మోసుకుంటూ పోతే మూడో లూపు అవసరం లేదని అక్కడే తడుతుంది, దాంతో రెండో మెట్టు దాటవచ్చు. 2 లక్షల సంఖ్యలకు మాత్రం ఈ రెండు లూపుల పద్ధతి 2,000 కోట్ల అడుగులు వేయాల్సి వస్తుంది కనుక సమయం చాలదు. అప్పుడు విద్యార్థి ప్రశ్నను తిప్పి అడగాలి: ఈ సంఖ్య దగ్గర ముగిసే ముక్కల్లో అన్నిటికన్నా పెద్ద మొత్తం ఎంత? వెనకటి మొత్తం సున్నాకన్నా తక్కువైతే దాన్ని వదిలేసి కొత్తగా మొదలుపెట్టడమే లాభమని గ్రహిస్తే, వరుస మీదుగా ఒక్కసారి నడిస్తే చాలు. మూడు మెట్లూ ఒకదానికొకటి ఆసరాగా ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే సమస్య తానే పాఠమైంది. ఈ ఒక్క గుణం వల్లే నేను ఒలింపియాడ్ పద్ధతిని ఇంతగా ఇష్టపడతాను.

జట్టు పోటీలకు నమూనా కళాశాల స్థాయిలో జరిగే ఐసీపీసీ, అంటే అంతర్జాతీయ కళాశాలల ప్రోగ్రామింగ్ పోటీ. బడి పిల్లల జట్టు పోటీలు చాలావరకు దాని నియమాలనే అనుసరిస్తాయి. ముగ్గురు సభ్యులు, ఒక కంప్యూటర్, 5 గంటల సమయం, పది దాకానో అంతకు మించో సమస్యలు ఉంటాయి. ఇక్కడ సగం మార్కులనే మాట లేదు. టెస్ట్ కేసులన్నీ (ప్రోగ్రామును పరీక్షించే ఇన్‌పుట్లన్నీ) దాటితేనే సమస్య సాధించినట్టు, ఒక్కటి తప్పినా సున్నా. ఎక్కువ సమస్యలు సాధించిన జట్టు ముందుంటుంది. సమానమైతే పట్టిన సమయాన్ని చూస్తారు, సాధించిన సమస్య మీద అంతకుముందు చేసిన ప్రతి తప్పు సబ్మిషన్‌కు 20 నిమిషాలు కలుపుతారు. 70వ నిమిషంలో సాధించినా ముందు రెండు తప్పులుంటే లెక్క 110 నిమిషాలు. 95వ నిమిషంలో ఒక్క తప్పూ లేకుండా ఇచ్చిన జట్టు దానికన్నా పైన నిలుస్తుంది.

పై ఉదాహరణలోనే చివరి మెట్టులో ఒక్కో సంఖ్య 100 కోట్ల దాకా ఉండవచ్చనీ, కింది మెట్లలో వెయ్యి దాటదనీ అనుకుందాం. మొత్తం 2 కోట్ల కోట్లకు చేరవచ్చు, కాని సీ ప్లస్ ప్లస్ భాషలో పూర్ణసంఖ్యను దాచే మామూలు ఇంట్ రకానికి పట్టేది 214 కోట్ల పైచిలుకే. విద్యార్థి అంతకన్నా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్ రకాన్ని రాయడం మరిచాడు. ఒలింపియాడ్‌లో కింది మెట్ల మార్కులు పదిలంగా ఉంటాయి, చివరి మెట్టు ఎందుకు పోయిందో తీరిగ్గా వెతుక్కోవచ్చు, మళ్లీ సబ్మిట్ చేస్తే పోయేదేమీ లేదు. జట్టు పోటీలో అతనికి కనిపించేది 'తప్పు జవాబు' అనే ముక్క ఒక్కటే. ఏ టెస్ట్‌లో పోయిందో తెలియదు, కంప్యూటర్ కోసం పక్కన ఇద్దరు ఎదురుచూస్తున్నారు. అతను కోడ్‌ను ప్రింట్ తీసుకుని, కుర్చీ ఖాళీ చేసి, పెన్సిల్‌తో వరుస వరుసా చదవాలి. నా దగ్గర సాధన చేసిన ఒక జట్టులో సరిగ్గా ఇదే జరిగింది. రాసినవాడు నాలుగుసార్లు చదివినా కనిపించని తప్పును, ఆ కోడ్‌ను మొదటిసారి చూస్తున్న అమ్మాయి నిమిషంలోపే వేలుపెట్టి చూపించింది. ఇతరుల కోడ్ చదవడం, తన ఆలోచనను రెండు వాక్యాల్లో ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం, టైప్ చేయకముందే కాగితం మీద సరిచూసుకోవడం అనే మూడు అలవాట్లను ఒలింపియాడ్ సాధన అంత గట్టిగా నేర్పదు.

లోపాలు రెండింటికీ ఉన్నాయి. సగం మార్కులకు అలవాటు పడిన విద్యార్థి ప్రతి సమస్యలోనూ తేలిక మెట్లు ఏరుకుని, చివరి మెట్టు జోలికే వెళ్లకుండా లేచిపోవడం తరచుగా చూస్తుంటాను. జట్టు పోటీలోని లోపం ఇంతకన్నా బాధ కలిగిస్తుంది: ముగ్గురిలో గట్టివాడు కీబోర్డు వదలడు, మిగిలిన ఇద్దరూ ఏడాది పొడవునా ప్రేక్షకులుగా మిగిలిపోతారు. ముగ్గురి స్థాయీ దగ్గరగా లేనప్పుడు గెలుపు వచ్చినా చదువు రాదు. శిక్షకుడు పట్టుబట్టి వంతులు వేస్తే తప్ప ఇది దానంతటదే సర్దుకోదు.

వీటికి తోడు కోడ్‌ఫోర్సెస్, ఆట్‌కోడర్ వంటి ఆన్‌లైన్ వేదికల మీద జరిగే, రెండు గంటలకు అటూఇటూగా సాగే రౌండ్లున్నాయి. వేగానికి, తరచుగా సాధన చేయడానికి అవి మంచివే. కాని ఫలితాలను బట్టి అవి ఇచ్చే రేటింగ్ అంకె మీదే ధ్యాస పెట్టే వయసులో వాటినే ప్రధాన దారిగా ఎంచుకోమని నేను చెప్పను. భాష విషయం ఇంకా తేలిక: మొదటి కొన్ని నెలలకు పైథాన్ చాలు, ఐఓఐ వైపు చూసేవారు మాత్రం సీ ప్లస్ ప్లస్ నేర్చుకోక తప్పదు.

బెలారస్‌కు చెందిన గెన్నాడీ కొరట్కెవిచ్ 2006లో పదకొండేళ్ల వయసులో ఐఓఐ రజతం అందుకుని, 2007 నుంచి 2012 దాకా వరుసగా ఆరు స్వర్ణాలు గెలిచాడు. ఆ తర్వాతే 2013లోనూ 2015లోనూ జట్టుతో కలిసి ఐసీపీసీ విజేత అయ్యాడు. అంతటి ప్రతిభ అందరికీ ఉండదు గాని, ముందు ఒంటరి సాధన, తర్వాత జట్టు అన్న వరుస మామూలు విద్యార్థికీ సరిపోతుందనే నా అభిప్రాయం. రెండు మూడేళ్ల సమయం ఉన్నవారు మొదటి ఏడాదిన్నర సబ్‌టాస్కులున్న పాత ఒలింపియాడ్ సమస్యలతో గడిపి, తేలిక మెట్లతో ఆగిపోయిన ప్రతి సమస్యనూ ఆ వారంలోనే పూర్తిగా సాధించాలి. ఆ తర్వాత తమ స్థాయికి దగ్గరగా ఉన్న ఇద్దరిని వెతుక్కుని, వారానికొకసారి ఒకే కంప్యూటర్ ముందు 5 గంటలు కూర్చోవాలి. చేతిలో ఒక్క ఏడాదే ఉండి, బడిలో తోడుగా సాధన చేసేవారు ఇద్దరు దొరికితే మాత్రం నేరుగా జట్టులోనే చేరమంటాను, ఎందుకంటే అంత తక్కువ కాలంలో ఒక్కడే కూర్చుని విసుగు చెంది మానేసినవారిని చాలామందిని చూశాను. మిగిలిన ఇద్దరూ తన కోసం ఎదురుచూస్తున్నారని తెలిసిన పిల్లలు సాధనకు రావడం మానలేదు.