అక్టోబర్ డిస్కౌంట్‌లో పెర్ఫార్మెన్స్ టైర్లు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

అమెరికాలో మంచు పడే రాష్ట్రాల్లో ఉంటూ, కాస్త స్పోర్టీ కారు నడుపుతూ, చలికాలం ముందు టైర్లు మార్చాలనుకుంటున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు. మా అమ్మను, మా ఆవిడను కూర్చోబెట్టుకుని చలికి పనికిరాని సమ్మర్ టైర్ల మీద నెలన్నర తిరిగానని తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. షాపు పేరు, టైరు కంపెనీ పేరు రాయడం లేదు. ఇది ఏ షాపులోనైనా, ఏ కంపెనీ టైరుతోనైనా జరగొచ్చు.

మేం ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. 2024 అక్టోబర్‌లో నా కారు టైర్లు బాగా అరిగిపోయాయి. సైజు 245/40 ఆర్ 18. ఇలాంటి సైజులో నాలుగు మంచి టైర్లంటే నాకు వచ్చిన కొటేషన్లన్నీ వెయ్యి డాలర్లు దాటాయి. ఒక షాపులో మాత్రం బిగింపుతో కలిపి 780 డాలర్లకు ఇస్తామన్నారు. "పెర్ఫార్మెన్స్ టైర్లు, వానలో వీటిని మించినవి లేవు, ట్రాక్షన్ గ్రేడ్ డబుల్ ఏ" అని కౌంటర్‌లో కుర్రాడు టైరు పక్కగోడ మీద ఆ అక్షరాలు వేలు పెట్టి చూపించాడు. ఏడాది పొడవునా వాడుకోవచ్చా అని నేను అడిగాను. స్పష్టంగా అడిగాను. "ఏం ఫర్వాలేదు, మీది ఆల్ వీల్ డ్రైవ్ కదా" అన్నాడు, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి అని. నేను నమ్మాను. టైరు దెబ్బతింటే ఆదుకుంటుందని రోడ్ హజార్డ్ ప్లాన్ అని ఇంకో 80 డాలర్లు కూడా కట్టాను.

మొదటి మూడు వారాలు చాలా సంతోషపడ్డాను. ఉన్నమాట చెప్పాలి, అవి గొప్ప టైర్లు. జోరు వానలో 287 హైవే మీద వెళ్తుంటే కారు రోడ్డుకి అతుక్కుపోయినట్టు ఉండేది. స్టీరింగ్ కొంచెం తిప్పితే చాలు, బండి అటు తిరిగేది. ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి అదే షాపుకి వెళ్లమని కూడా చెప్పాను. వాళ్లకు తర్వాత ఫోన్ చేసి వద్దని చెప్పుకోవాల్సి వచ్చింది.

కార్తీక మాసం చివరి సోమవారం. అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఉంది. పొద్దున్నే బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వర స్వామి గుడికి బయల్దేరాం. డాష్‌బోర్డ్ మీద 36 ఫారెన్‌హీట్ చూపిస్తోంది, అంటే రెండు డిగ్రీల సెల్సియస్. మంచు లేదు, వాన లేదు, రోడ్డు పొడిగానే ఉంది. టైర్లలో గాలి తగ్గిందని పసుపు లైటు వెలుగుతోంది. చలికి గాలి తగ్గడం మామూలే, పది ఫారెన్‌హీట్ డిగ్రీలకు గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ చొప్పున పడిపోతుంది, కాబట్టి తిరిగొచ్చాక కొట్టించుకుందాం అనుకున్నాను. మా కాలనీ చివర చిన్న దిగుడు, దాని కింద స్టాప్ సైన్. రోజూ ఆగే చోటే బ్రేకు వేశాను. పెడల్ కింద టకటకమని ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది, కొట్టుకుంది, కారు మాత్రం జారుతూనే పోయింది. స్టాప్ గీత దాటి, ఒక కారు పొడవు ముందుకెళ్లి, అడ్డరోడ్డు మధ్యలో ఆగింది. వెనక సీట్లో అమ్మ ఒళ్లో ఉన్న నెయ్యి డబ్బా ఎగిరి నా సీటుకి తగిలింది. ఒత్తులన్నీ కింద చెల్లాచెదురుగా పడ్డాయి.

"ఏంట్రా, బ్రేకు పడలేదా?" అంది అమ్మ.

"పడిందమ్మా, బండే ఆగలేదు" అన్నాను. ఆ సమయానికి అటూ ఇటూ ఏ బండీ రాలేదు. అది స్వామి దయ తప్ప నా గొప్పేమీ లేదు.

ఆ తర్వాత మా ఆవిడ రెండు వారాలు నాతో కారెక్కలేదు. బ్రేకుల్లోనే ఏదో ఉందనుకుని మెకానిక్ దగ్గర చూపించాను. బ్రేకులు శుభ్రంగా ఉన్నాయన్నారు. టైర్ల సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. కొత్త టైర్లు కదా! డిసెంబర్‌లో ఓ రోజు అర అంగుళం కూడా లేని మంచు పడింది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి చిన్న ఎత్తు కూడా కారు ఎక్కలేకపోయింది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, కారు పక్కకి జరుగుతోంది. పక్కనుంచి పదేళ్ల పాత చిన్న కారు ఒకటి మెల్లగా ఎక్కి వెళ్లిపోయింది. అది ముందు చక్రాల మీద నడిచే మామూలు బండే. నాకు అప్పుడు అనుమానం మొదలైంది.

జనవరి మూడో వారంలో చలి బాగా ముదిరింది. ఒక రాత్రి 11 ఫారెన్‌హీట్‌కి, అంటే దాదాపు మైనస్ 12కి పడింది. కారు బయటే ఉంటుంది, మాకు గ్యారేజ్ లేదు. పొద్దున తీసి ఆఫీసుకి వెళ్లొచ్చాను. ఆ శనివారం గాలి కొట్టిస్తూ ముందు చక్రం దగ్గర కూర్చుంటే కనపడింది. టైరు మీది రబ్బరు దిమ్మల అడుగున, అడ్డంగా, సన్నటి పగుళ్లు. ఒకటీ రెండూ కాదు, చుట్టూతా. వేసవిలో నీళ్లింకిన చెరువు నెర్రెలిచ్చినట్టు. గోరు పెడితే గోరు దిగింది. ఆ టైర్లు తిరిగింది మూడు వేల మైళ్లు కూడా కాదు.

అసలు సంగతి చెప్పింది ఐజలిన్‌లో ఒక పెద్దాయన, చిన్న గ్యారేజ్ నడుపుతారు. టైరు చూడగానే, "ఇవి సమ్మర్ టైర్లు బాబూ, వీటి మీద చలికాలం తిరిగావా?" అన్నారు. చక్రం విప్పి లోపలి వైపు తిప్పి తయారీ తేదీ కూడా చూపించారు. డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే కోడ్‌లో చివరి నాలుగు అంకెలే తేదీ. నా టైరు మీద 2221 అని ఉంది, అంటే 2021లో 22వ వారం. కొత్తవని అమ్మినవి మూడేళ్లకు పైగా నిల్వ ఉన్న సరుకు. తేదీ ఉన్న పూర్తి కోడ్ టైరుకి రెండు వైపులా ఉండాలని లేదు. నావన్నీ లోపలి వైపు ఉన్నాయి కాబట్టి బిగించాక నాకు కనపడే దారే లేదు.

నేను విజయవాడలో పుట్టి పెరిగినవాణ్ణి. సమ్మర్ టైరు అనే మాటే ఎప్పుడూ వినలేదు, వినాల్సిన అవసరమూ రాలేదు. అక్కడ డిసెంబర్ తెల్లవారుజామున కూడా ఈ టైర్లకు చలి అనేదే తగలదు, ఏడాదంతా హాయిగా తిరగొచ్చు. వింటే, ఎండకు తట్టుకునే టైరు కాబోలు అనుకుంటాం. ఇక్కడ లెక్క వేరు. సుమారు 7 డిగ్రీల సెల్సియస్, అంటే 45 ఫారెన్‌హీట్, దానికి పైనే వాడాల్సిన టైరు అని అర్థం. వెచ్చటి రోడ్డు మీద గట్టిగా పట్టుకునేలా ఆ రబ్బరు కలుపుతారు. చలి పెరిగేకొద్దీ అది పేరుకున్న నెయ్యిలా బిగుసుకుంటుంది. ఒక్కో టైరు రోడ్డుని తాకేది దాదాపు అరచేయంత మేరే, ఆ కాస్త రబ్బరూ గట్టిపడితే పట్టేమి ఉంటుంది? మంచు పడక్కర్లేదు, రోడ్డు తడవక్కర్లేదు, చలి ఒక్కటి చాలు. ఇక సుమారు మైనస్ 7, అంటే 20 ఫారెన్‌హీట్ కిందకి పోతే ఇంకో ప్రమాదం ఉంది. ఆ చలిలో కారు కదిలిస్తే రబ్బరు వంగలేక పగులుతుంది. ఆ పగులు తర్వాత ఎండొచ్చినా పూడదు. నాకు జరిగింది అదే.

షాపుకి వెళ్లాను. చలికి వచ్చిన పగుళ్లు వారంటీలోకి రావని కాగితం చూపించారు. నిజమే, సమ్మర్ టైర్ల వారంటీల్లో మామూలుగా ఉండే షరతే అది. రోడ్ హజార్డ్ ప్లాన్ మేకులకు, గుంతలకు మాత్రమేనట. "ఏడాదంతా వాడుకోవచ్చన్నారు కదా" అంటే, ఆ కుర్రాడు ఇప్పుడు ఇక్కడ పనిచేయడం లేదన్నారు. బిల్లు తీసి చూపించారు. సైజు, స్పీడ్ రేటింగ్ తర్వాత, వరస చివర, చిన్న అక్షరాల్లో సమ్మర్ అని ఉంది. నేను సంతకం పెట్టిన బిల్లే. మొత్తం 860 డాలర్లు పోయాయి. మళ్లీ నాలుగు టైర్లు వేరే చోట కొన్నాను.

నన్ను పడేసినవి మూడు మాటలు. వాటి గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీకూ ఇవే చెప్తారు.

మొదటిది డబుల్ ఏ. టైరు పక్కగోడ మీద ఉండే ఈ ట్రాక్షన్ గ్రేడ్ అబద్ధం కాదు. తడి రోడ్డు మీద తిన్నగా వెళ్తూ బ్రేకు వేస్తే ఎంత పట్టు ఉంటుందో అది చెప్తుంది. అంతే. మలుపు గురించి చెప్పదు, చలి గురించి అసలే చెప్పదు. గడ్డకట్టే చలిలో జారిపోయే టైరుకి కూడా డబుల్ ఏ ఉండొచ్చు, నా వాటికి ఉంది. దాని పక్కన ఉండే 300, 500 లాంటి అంకె అరుగుదలకు సంబంధించింది. అదీ చలి గురించి కాదు.

రెండోది ఆల్ వీల్ డ్రైవ్. ఇది మనవాళ్లలో చాలామందికి ఉన్న భ్రమ, నాకూ ఉండేది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందితే కారు కదలడం తేలికవుతుంది. ఆపేటప్పుడు దాని సాయం ఏమీ ఉండదు. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి, ఆగడం ఆగకపోవడం టైరు పట్టు మీదే ఉంటుంది. పట్టు లేని టైరుతో కదలడం కూడా కష్టమేనని ఆ డిసెంబర్ రోజున గేటు దగ్గర చూశాను.

మూడోది పెర్ఫార్మెన్స్ అనే మాట. పెర్ఫార్మెన్స్ టైర్లలో సమ్మర్‌వి ఉంటాయి, ఆల్ సీజన్‌వి ఉంటాయి, పేర్లు కవల పిల్లల్లా ఉంటాయి. నేను కొన్నవి ఇవి కావు, పేర్ల తికమక తెలియడానికి చెప్తున్నాను. మిషెలిన్ వాళ్ల పైలట్ స్పోర్ట్ 4ఎస్ సమ్మర్ టైరు, పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 ఏడాదంతా వాడేది. కాంటినెంటల్‌లో ఎక్స్‌ట్రీమ్ కాంటాక్ట్ స్పోర్ట్ సమ్మర్‌ది, ఎక్స్‌ట్రీమ్ కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్ ఆల్ సీజన్‌ది. డీడబ్ల్యూఎస్ అంటే డ్రై, వెట్, స్నో. అన్నీ మంచి టైర్లే. కానీ ఫోన్‌లో ఎవరో హడావిడిగా ధర చెప్తుంటే ఏది ఏదో పట్టుకోవడం కష్టం.

అందుకే మాట నమ్మకుండా టైరు చూడండి. పక్కగోడ మీద ఎం ప్లస్ ఎస్ అని గుర్తు ఉందా లేదా? మడ్ అండ్ స్నో అని దానర్థం, ఆల్ సీజన్ టైర్ల మీద ఉంటుంది. సమ్మర్ టైర్ల మీద ఉండదు. ఆ గుర్తు టైరు మీది గాడుల ఆకారాన్ని బట్టి ఇచ్చేదే కాబట్టి దాన్నే నమ్ముకుని మంచులో ధైర్యం చేయకండి. మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు బొమ్మ ఉంటే మంచు మీద పరీక్ష చేసి ఇచ్చిన గుర్తు అది. నేను ఈసారి ఆ కొండ బొమ్మ ఉన్నవే తీసుకున్నాను. బిగించే ముందే నాలుగు టైర్ల డాట్ తేదీలూ ఫోటో తీసుకున్నాను. షాపు వాళ్లు కొంచెం విసుక్కున్నారు, విసుక్కోనివ్వండి. ఆల్ సీజన్ అన్న మాట బిల్లు మీద రాయించుకోండి.

మ్యూనిక్‌లో ఉండే మా బావ ఇదంతా విని ఆశ్చర్యపోయాడు. జర్మనీలో అక్టోబర్ నుంచి ఈస్టర్ దాకా వింటర్ టైర్లు అన్నది చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్కట. రోడ్డు మీద మంచు, ఐసు ఉన్నప్పుడు సమ్మర్ టైర్లతో దొరికితే 60 యూరోల ఫైన్, లైసెన్స్ మీద ఒక పెనాల్టీ పాయింట్. 2024 అక్టోబర్ నుంచి అక్కడ కొండ బొమ్మ ఉంటేనే వింటర్ టైరుగా ఒప్పుకుంటున్నారు, ఒట్టి ఎం ప్లస్ ఎస్ చాలదు. కెనడాలో క్విబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. న్యూజెర్సీలో అలాంటి నిబంధన లేదు. అందుకే ఇక్కడ ఎవరూ మనల్ని ఆపరు, ఎవరూ మనకు చెప్పరు.

ముఖ్యంగా టెక్సాస్‌లోనో ఫ్లోరిడాలోనో చదువుకుని, అక్కడే సెకండ్ హ్యాండ్‌లో స్పోర్టీ కారు కొనుక్కుని, ఉద్యోగం రాగానే మిషిగన్‌కో ఒహైయోకో న్యూజెర్సీకో అదే కారులో సామాను వేసుకుని వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు కదా, మీ గురించే నాకు ఎక్కువ టెన్షన్. ఆ కారు కింద ఏ టైర్లు ఉన్నాయో మీకు అమ్మినవాళ్లు చెప్పి ఉండరు. కొన్ని స్పోర్ట్ మోడళ్లకు కంపెనీ నుంచే సమ్మర్ టైర్లు వస్తాయి. ఈరోజే కిందకి వెళ్లి, ఫోన్ లైటు వేసి, టైరు చుట్టూ చదవండి. రెండు నిమిషాల పని.

సమ్మర్ టైర్లే అని తేలితే పారేయక్కర్లేదు. చలి ముదరకముందే విప్పించి, వెచ్చగా ఉండే చోట దాచి, వసంతంలో మళ్లీ బిగించుకోవచ్చు. గడ్డకట్టే చలికి బయట షెడ్డులో మాత్రం పడేయకండి. మార్చేలోపే ఏదో రాత్రి 20 ఫారెన్‌హీట్ కిందకి పడుతుందని ఫోన్ చూపిస్తే, మర్నాడు ఆ కారు కదపకండి. ఆఫీసుకి ఎవరినైనా రైడ్ అడగండి. ఎడిసన్ చుట్టుపక్కల ఉంటే నన్నే అడగండి, మొహమాటపడకండి, వచ్చి తీసుకెళ్తాను.