కాలి ధమని పూడుకుంటే: లేజరా, ఒట్టి బెలూనా?

అలిపిరి మెట్లెక్కుతుంటే గాలిగోపురం చేరకముందే పిక్క పట్టేసి, కాసేపు కూర్చోగానే వదిలేస్తోందా? దాన్ని అలసట అనుకుని వదిలేయకండి. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే కాలి ధమనిలో పూడిక ఉన్నట్టే.

ఆ పూడికను తొలగించడానికి లేజర్ ఒక్కటే సరిపోదు. 308 నానోమీటర్ల ఎక్సైమర్ అనే అతినీలలోహిత లేజర్ కాంతి పూడికను కరిగించి దారి తీస్తుంది, ఆ తర్వాత నాళంలో చిన్న బెలూన్ పెట్టి ఉబ్బించి దాన్ని వెడల్పు చేయాల్సిందే. కాబట్టి పోలిక లేజర్ ప్లస్ బెలూన్‌కీ, ఒట్టి బెలూన్‌కీ మధ్య.

తొడ ధమనిలో వేసిన స్టెంటు (నాళాన్ని తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం) లోపలే మళ్లీ పూడుకుంటే మా ఓటు లేజర్‌కే. 2015లో వెలువడిన ఎక్సైట్ ఐఎస్ఆర్ పరిశోధనలో ఆరు నెలల దాకా అక్కడ మళ్లీ చికిత్స అక్కర్లేనివారు లేజర్ వైపు 73.5 శాతం, ఒట్టి బెలూన్ వైపు 51.8 శాతం. నెలలు గడిచేకొద్దీ రెండు వైపులా మళ్లీ పూడుకునేవారు పెరుగుతారు, అది మరవకూడదు.

స్టెంటు లేని ధమనికి ఇంత తేడా ఆశించొద్దు. ఖర్చు మాత్రం లేజర్‌కే ఎక్కువ.

లేజర్‌లో చెయ్యి తిరిగిన డాక్టరు ముఖ్యం. నాళంలోకి పంపే సన్నని గొట్టమైన కాథెటర్‌ను సెకనుకు 1 మిల్లీమీటరు మించకుండా జరపాలి. ఎక్స్‌రేలో నాళం కనబడేందుకు ఎక్కించే డైని ముందుగా సెలైన్‌తో కడిగేయాలి, లేకపోతే లేజర్ తగిలి బుడగలు పుట్టి నాళం గోడ చీలవచ్చు.

షుగర్ ఉండి కాలి పుండు మానకపోతే, మంచి సిర దొరికేవారు ఆ సిరతో పూడికను దాటి రక్తానికి కొత్త దారి వేసే బైపాస్ ఆపరేషన్ గురించీ అడగాలి. ఏది చేయించినా బీడీ, సిగరెట్ మానాలి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు ఆపకూడదు. రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ తేదీలు డిశ్చార్జి రోజే రాయించుకోండి.