నిలిపిన విమానం బయల్దేరాలంటే టగ్‌తో (విమానాన్ని నెట్టే బండి) వెనక్కి నెట్టడమా, సొంత ఇంజన్‌తో తిరిగి వెళ్లడమా?

కోరాపుట్ జిల్లా జయపురంలో దిగే సెస్నా కారవాన్‌కు ఈ చిక్కే లేదు. చిన్నది, వెనక్కి వాలని తిన్నటి రెక్కలు, తనే తిరిగి వెళ్లిపోతుంది. ఏ320 లాంటి పెద్ద జెట్ సైజుకొస్తేనే లెక్కలు మొదలు.

ఖర్చు: టగ్ అంటే బండి, టోబార్ (బండిని విమానం ముందు చక్రానికి కలిపే కడ్డీ), డ్రైవరు, పైలట్‌తో మాట్లాడే హెడ్‌సెట్ మనిషి, రెక్క కొసల దగ్గర కాపలా. సొంత మలుపుకు ఇంత మంది అక్కర్లేదు గానీ ఎప్రాన్ (విమానాలు నిలిపే ఆవరణ) స్థలం బాగా తింటుంది.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. వెనక్కి వాలిన రెక్కల విమానం మలుపు తిరిగితే కొస అనుకున్నదానికంటే బయటికి ఊగుతుంది. ఏ320 తరగతి స్టాండులో (విమానం నిలిపే చోటు) చుట్టుపక్కల వాటితో ఉండాల్సిన కనీస ఎడం 4.5 మీటర్లే. 2011లో న్యూయార్క్ జేఎఫ్‌కేలో నేల మీద నడుస్తున్న (టాక్సీ) భారీ ఏ380 విమానం రెక్క కొస, ఆగివున్న చిన్న జెట్ తోకకు తగిలి దాన్ని గిర్రున తిప్పేసింది. పైగా జెట్ గాలికి వెనకున్న ట్రాలీలు కొట్టుకుపోతాయి.

టగ్ గండం వేరు: స్టీరింగ్ బైపాస్ పిన్ (ముందు చక్రాన్ని విమానం స్టీరింగ్ నుంచి విడదీసేది) పెట్టడం మరిస్తే ముందు చక్రం తిరిగి, టోబార్ విసురుకు పక్కనున్న మనిషి కాలు విరగొచ్చు.

విమానాలు ఒకటీ అరా ఆగే వెడల్పాటి ఎప్రాన్‌లో సొంత మలుపే నయం. ఏరోబ్రిడ్జి (ప్రయాణికులు విమానంలోకి నడిచే వంతెన) దగ్గర టెర్మినల్ వైపు ముక్కు పెట్టి నిలిపే చోట టగ్ తప్పదు.