గాజు సీసా నాటు ఆవు పాలు: రుచి బాగుంది, కరపత్రమే ప్రమాదం

సిటీ శివారు ఫామ్ నుంచి తెల్లారేసరికి గాజు సీసాల్లో నాటు ఆవు పాలు తెచ్చి గుమ్మంలో పెట్టే సర్వీసు ఇది, పేరు రాయడం లేదు. లీటరు 120 రూపాయలు. పాలు చిక్కగా ఉన్నాయి, మీగడ మందంగా కడుతోంది, పెరుగు గడ్డలా తోడుకుంటోంది, ఇంతవరకూ వంక పెట్టడానికేం లేదు.

సీసాతో పాటు వచ్చిన కరపత్రం చదివాకే ఒళ్లు మండింది. కాస్తే పాలలో జీవం పోతుందట, పిల్లలకు పచ్చిపాలే పట్టాలట! పాడి చేసేవాళ్లకి ఈసుకుపోయే రోగం, అదే బ్రూసెల్లోసిస్, సంగతి తెలియకుండా ఉంటుందా? చూడి ఆవు నెలలు నిండకుండా ఈసుకుపోతుంది, అంటే దూడ ముందే పడిపోతుంది, మాయ సరిగా పడదు, ఆ తర్వాత ఎప్పట్లాగే మేస్తుంది, పాలిస్తుంది, ఆ పాలలో మాత్రం క్రిమి నెలల తరబడి వస్తూనే ఉండొచ్చు. మనిషికి సోకితే వచ్చిపోయే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, నడుం నొప్పి, కీళ్ల నొప్పులు. టైఫాయిడ్ అనుకుని చాలామంది డాక్టర్ల చుట్టూ తిరుగుతారు, అసలు రోగం తేలాక కనీసం 6 వారాలు రెండు రకాల యాంటీబయాటిక్స్ వాడాలి. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికుల్ని పీడించిన ఇదే జ్వరానికి మేకపాలే కారణమని 1905లో బయటపడింది, మరుసటి ఏడాది సైన్యానికి ఆ పాలు ఆపేస్తే జ్వరాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఆ మేకలూ చూడ్డానికి శుభ్రంగానే ఉండేవి.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, మందకి బ్రూసెల్లా పరీక్ష ఎప్పుడు చేయించారు, పెయ్య దూడలకు టీకా వేయించారా అని అడిగితే "నాటు ఆవులకు అలాంటివి రావు మేడం" అన్నాడు ఆ అబ్బాయి. ఎందుకు రావు, నిక్షేపంగా వస్తాయి. 4 నుంచి 8 నెలల వయసు పెయ్యలకు ఆ టీకా ఒక్కసారి వేస్తే చాలు, 2019లో మొదలైన కేంద్ర పథకం కింద పశువైద్య శాఖ వాళ్లు ఉచితంగానే వేస్తారు, కాబట్టి ఖర్చు అనే సాకు కూడా లేదు.

పొంగేదాకా కాస్తే ఆ క్రిమి చస్తుంది, డెయిరీల్లో పాశ్చరైజ్ చేసేది 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లే. అందుకని పాలు ఇంకా తీసుకుంటున్నాం, కాచుకునే తాగుతున్నాం. వీళ్ల వెన్న మాత్రం మానేశాం, అదీ పచ్చిపాలదేనని లేబుల్ మీద గొప్పగా వేసుకున్నారు. ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఆ వెన్న జోలికే పోవద్దు.

5కి 2 స్టార్లు, ఆ రెండూ పాలకే. కరపత్రం మార్చి, మంద పరీక్ష రిపోర్టు యాప్‌లో పెడితే ఇంకోటి కలుపుతాను.